ఆమె ఇచ్చిన జాగా

పెనుబల్లి పక్కన మా ఊళ్లో, గట్టు జానెడు జరిగిందని పదేళ్లుగా మాట్లాడుకోని అన్నదమ్ముల ఇళ్లు మా వీధిలోనే రెండున్నాయి. సంబంధం చూడ్డానికి వెళ్తే ముందు పాసుపుస్తకం చూస్తారు, తర్వాత పిల్లను చూస్తారు. నేను పుట్టి పెరిగింది అలాంటి మనుషుల మధ్య. కాగితం ముందు, మనిషి తర్వాత. ఇది మాకు ఎవరూ నేర్పలేదు, నేర్పాల్సిన అవసరమూ రాలేదు. అది తప్పేమోనని నాకు ముప్పయ్యేళ్లు దాటాక గాని తోచలేదు. తోచాక కూడా నేను అదే పని చేశాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నాకు పినపాక అవతల, అడవి అంచున ఉన్న ఒక ఊళ్లో నర్సు ఉద్యోగం వచ్చింది. సబ్‌సెంటర్ అంటే పెద్దగా ఊహించుకోనక్కర్లేదు. ఒక గది, ఒక బల్ల, మూత సరిగ్గా పడని టీకాల డబ్బా. మా ఆయనకు మణుగూరు రోడ్డులో మోటార్లకు వైండింగ్ చేసే చిన్న షాపు ఉండేది. మణుగూరులోనే ఒక గది కిరాయికి తీసుకున్నాం. నేను పొద్దున్నే బస్సెక్కి, దిగాక రెండు మైళ్లు నడిచి డ్యూటీకి వెళ్లేదాన్ని. వానాకాలం వాగు వస్తే బస్సు ఇవతలే ఆగిపోయేది. అప్పుడు చీర ఎగ్గట్టి, టీకాల డబ్బా నెత్తిన పెట్టుకుని దాటేదాన్ని. నా పరిధిలో ఆ ఊరితో పాటు అడవిలో ఐదు గుంపులుండేవి. పదీ పదిహేను ఇళ్ల కోయ పల్లెను అక్కడ గుంపు అంటారు.

ఆ ఊరి అంగన్‌వాడీ టీచరు నాకంటే నాలుగేళ్లు చిన్నది. కోయ పిల్ల. ఆశ్రమ పాఠశాలలో ఉండి పదో తరగతి పాసయింది. నాకు కోయ భాష రాదు కాబట్టి గుంపుల్లో ఆమే నా నోరు. "సూది వేయించకపోతే బిడ్డ చస్తుందని చెప్పవే ఆ తల్లికి" అని నేను కసిరితే, ఆమె ఏదో మెత్తగా అనేది, ఆ తల్లి నవ్వి బిడ్డను నా చేతికిచ్చేది. నేను తిట్టిన తిట్లన్నిటినీ ఆమె బతిమాలడంగా మార్చి చెబుతోందని నాకు చాలాకాలానికి తెలిసింది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నా నోరు మంచిది కాదు. ఆ ఊరు నాతో మంచిగా ఉందంటే అది ఆమె నోటి పుణ్యం.

నాలుగో ఏడు వానాకాలంలో నాకు ఐదో నెల. ఒక గుంపు నుంచి ఇద్దరం తిరిగి వస్తుండగా దారిలో నొప్పులు మొదలయ్యాయి. ఎన్నో కాన్పులు చేసినదాన్ని, ఏమవుతోందో నాకు తెలుసు. తెలియనట్టే ఇంకో అర మైలు నడిచాను. ఆమె నా చెయ్యి తన భుజం మీద వేసుకుని, సగం మోసి వాళ్లింటికి చేర్చింది. బిడ్డ దక్కలేదు. మణుగూరు దవాఖానాకు తీసుకెళ్లిందీ ఆమే, తిరిగి తీసుకొచ్చి పన్నెండు రోజులు వాళ్లింట్లో ఉంచుకున్నదీ ఆమే. వాళ్లత్త పూటపూటకీ జొన్న జావ కాచి ఇచ్చేది. మా ఆయన సాయంత్రాలు వచ్చి, ఏం మాట్లాడాలో తెలియక వాకిట్లో కూర్చుని వెళ్లేవాడు. మా అమ్మ రాకుండా వాగులు అడ్డమయ్యాయి. మా అత్తగారికి ఏమి అడ్డమయిందో నేను అడగలేదు.

పదమూడో రోజు నేను బట్టలు సర్దుకుంటుంటే ఆమె గడపలో కూర్చుని చూస్తోంది.

"ఇంక ఆ బస్సులెక్కి తిరుగుడు బంద్ చెయ్ అక్కా. మా ఇంటెనక జాగ ఉన్నది. ఆడ ఇల్లేసుకోండ్రి."

ఆమె భర్త వాకిట్లో వెదురు చీలుస్తూ తలెత్తకుండానే అన్నాడు. "అవ్ అక్కా. ఉత్తగనే ఉన్నది ఆ జాగ. మీరుంటే మాకు గూడ మంచిదే."

"జాగా అంటే అంత తేలికా?" అన్నాను నేను.

"జాగ అంటే జాగనే గద. మోసుకపోతవా ఏంది?" అని నవ్వింది ఆమె.

ఒక సంగతి చెప్పాలి. అది ఏజెన్సీ ప్రాంతం. అక్కడ గిరిజనుల భూమిని మాలాంటివాళ్లు కొనడానికి వీల్లేదు, రాయించుకోవడానికీ వీల్లేదు. వన్ ఆఫ్ సెవెంటీ చట్టమని పశువులు కాసేవాళ్లు కూడా చెబుతారు. అయినా బయటి నుంచి వచ్చినవాళ్ల ఇళ్లూ షాపులూ రోడ్డు పొడుగునా ఉన్నాయి. కొన్ని నోటిమాట మీద, కొన్ని తెల్లకాగితం మీద. ఆ కాగితం కోర్టులో చెల్లదని రాయించుకున్నవాడికీ తెలుసు, వేలిముద్ర వేసినవాడికీ తెలుసు. కాని పదిమందిలో తీసి చూపించడానికి పనికొస్తుంది. చూపించగా చూపించగా అదే నిజమైపోతుంది. ప్రభుత్వ జీతం తినేదాన్ని, ఇదంతా తెలిసే ఒప్పుకున్నాను. మనం కొనడం లేదు కదా, చెల్లెలు పక్కన ఉండమంటోంది, ఉంటున్నాం అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఇల్లు మొదలుపెట్టే ముందు వాళ్లత్త ఆ జాగాలో నాలుగు చోట్ల బియ్యపు గింజలు జంటలుగా పెట్టి, మీద ఆకుదొప్పలు బోర్లించింది. గింజలు కదిలితే ఆ నేల మనల్ని వద్దన్నట్టట. తెల్లారి వెళ్లి చూస్తే ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆమె నాకేసి చూసి బోసినోటితో నవ్వింది. నేను ఇలాంటివి నమ్మను, అయినా ఆ పూట నాకు ఏడుపొచ్చింది. ఐదు నెలలు మోసిన బిడ్డను పోగొట్టుకున్నాక, ఆ నేలైనా నన్ను వద్దనలేదని తెలియడం గొప్పగా అనిపించింది.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నవాడు మా ఆయన్ని చూడలేదు. మేస్త్రీ ఒక గోడ వంకరగా పెడితే ఈయన దాన్ని చూసుకుంటూ రెండ్రోజులు అన్నం మానేశాడు. ఆమె భర్త, అతని వాళ్లు నలుగురైదుగురు వచ్చి పునాది తవ్వారు, దూలాలు ఎత్తారు. రెండు గదులు, ముందు ఒక అరుగు, పైన పెంకులు. వాళ్ల పెరడుకూ మా వాకిలికీ మధ్య తడిక ఉండేది. రోజూ చుట్టూ తిరిగి రావడమెందుకని ఆమె దానిలో ఒక మనిషి పట్టేంత సందు చేసింది.

పాలు పొంగించిన రోజు పెనుబల్లి నుంచి మావాళ్లు జీపులో వచ్చారు. ఆమె పొద్దున్నుంచీ మా ఇంట్లోనే పని చేసింది. చెంబుతో మంచినీళ్లు తెచ్చిస్తే మా అత్తగారు "దాహం లేదమ్మా" అన్నారు. ఐదు నిమిషాల తర్వాత నన్ను పిలిచి నీళ్లడిగారు. ఆమె అక్కడే ఉంది. నేను ఇద్దరికీ వినపడేట్టు ఏదో ఒకటి అనాల్సింది. నోరు మంచిది కాదని పేరు పడ్డదాన్ని, అవసరమైన చోట అది లేవలేదు. నీళ్లు తెచ్చి ఇచ్చాను.

భోజనాలయ్యాక మా మరిది ఇల్లంతా తిరిగి, బయటికి వెళ్లి జాగాను అడుగులతో కొలిచాడు. అతను పెనుబల్లిలో పొలాల బేరాలు కుదురుస్తాడు. నేల కనిపిస్తే అతని కాళ్లు వాటంతటవే కొలుస్తాయి.

"ఇల్లు బాగుంది వదినా. కాగితం ఏది?"

"కాగితం లేదు. వాళ్లు ఉండమన్నారు, ఉంటున్నాం."

"ఉండమన్నవాళ్లు రేపు లెమ్మంటే?"

"అలా అనే మనుషులు కారు."

"వాళ్లనరు. వాళ్ల అన్నదమ్ములున్నారుగా? వాళ్ల పిల్లలు పెద్దవుతారుగా?" అని చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయాడు. అతని మాటలో కోపం గాని కుట్ర గాని లేవు. మా ఊళ్లో ఎవరైనా అదే అడుగుతారు. అందుకే అది నాలో దిగబడిపోయింది.

తర్వాత నాలుగు నెలలు నా జీవితంలో మంచి నెలలు. ఇంతకంటే ఎక్కువ చెప్పలేను. పొద్దున్నే తడిక సందులోంచి ఆమె తల పెట్టి "లేసినవా అక్కా" అనేది. గుంపులకు ఇద్దరం కలిసి బయల్దేరేవాళ్లం, కలిసి తిరిగొచ్చేవాళ్లం. సాయంత్రం ఎవరి పొయ్యి ముందు వెలిగితే వాళ్లింట్లో రెండిళ్లకూ టీ. ఆమె పిల్లలు ఇద్దరూ మా అరుగు మీదే పలకలు పెట్టుకుని నిద్రపోయేవాళ్లు. ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రం నాకు మరిది మాట గుర్తొచ్చేది. మా ఆయనకైతే ఒంటరిగా ఉండనక్కర్లేకుండానే గుర్తొచ్చేది. ఇంటికి ఒక మేకు కొట్టాల్సి వచ్చినా "మనది కానిదానికి ఎందుకులే" అనేవాడు.

ఆ ఏడు వానలకు ఆమె భర్తకు చలిజ్వరం తగిలింది. నేనే వేలికి సూది గుచ్చి, గాజు పలక మీద రక్తం తీసి పరీక్షకు పంపాను. రిపోర్టు వచ్చేలోపే జ్వరం మెదడుకెక్కి మనుషుల్ని గుర్తుపట్టడం మానేశాడు. జీపు మాట్లాడి భద్రాచలం తీసుకెళ్లాం. వెనక సీట్లో అతని తల ఆమె ఒడిలో, సెలైన్ సీసా నా చేతిలో. గోదావరి వంతెన మీద లారీలు అడ్డం పడి జీపు ఆగిపోయింది. కింద నీళ్లు ఎర్రగా, ఒడ్లు తెలియకుండా పోతున్నాయి. ఆమె నా భుజం మీద తల ఆనించి, "నువ్వున్నవని ధైర్యం అక్కా" అంది.

అప్పుడు నేను ఏం ఆలోచిస్తున్నానో ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. ఇతను పోతే కాగితం ఎవరు రాస్తారు అని ఆలోచిస్తున్నాను. సీసా ఎత్తి పట్టుకున్న చెయ్యి లాగుతోంది, అయినా దించలేదు. చెయ్యి తన పని తాను చేస్తోంది, బుద్ధి తన పని తాను చేస్తోంది. నాకు నేనంటే అసహ్యం వేసింది. అసహ్యం వేసింది గాని ఆలోచన పోలేదు.

అతను బతికాడు. పదిహేను రోజులకు ఇంటికొచ్చాడు, ఎముకలు మాత్రం మిగిలి. ఆ వారమే మా ఆయన, "నువ్వు అడిగితేనే బాగుంటది. నేనడిగితే వేరేగా ఉంటది" అన్నాడు. నేను వద్దనలేదు. అడగందే అమ్మయినా పెట్టదు, అడిగితే తప్పేముంది అనుకున్నాను. ఈ సామెత అమ్మ పెట్టేసిన తర్వాత మళ్లీ అడిగేవాళ్ల కోసం కాదని అప్పుడు తట్టలేదు.

అంగన్‌వాడీలో పిల్లల్ని తూస్తున్నాం. ఉయ్యాల గుడ్డలో బిడ్డను వేసి ఆమె కాటా చూస్తోంది, నేను రాస్తున్నాను. అప్పుడడిగాను, రాస్తున్న పుస్తకంలోంచి తలెత్తకుండా.

"చెల్లే, ఊరికే ఒక కాగితం ఉంటే బాగుంటుందని మీ బావ అంటున్నాడు. ఏం లేదు, మా వాళ్ల నోళ్లు మూయించడానికి."

ఆమె కాటా ముల్లు ఆగేదాకా చూసి బరువు చెప్పింది. నేను రాసుకున్నాను. బిడ్డను దించి తల్లికిచ్చి, ఇంకో బిడ్డను ఎక్కించింది. ఆ బరువూ చెప్పింది. తర్వాత, "రాసుకరాండ్రి అక్కా" అంది.

కాగితం మా మరిది రాసుకొచ్చాడు. గుండ్రటి అక్షరాలతో, తప్పుల్లేకుండా. 'మా ఇష్టపూర్వకముగా, ఎవరి బలవంతమూ లేకుండా' అని అలవాటుగా రాసే మాట అందులోనూ ఉంది. సన్నగా వాన పడుతోంది. వాళ్ల అరుగు మీద, మా ఇంటి నుంచి తెప్పించిన కుర్చీలో అతను కూర్చున్నాడు. ఆమె చేతిలోకి పెన్ను తీసుకుని, మా రిజిస్టర్లలో పెట్టే సంతకమే, చివర చుక్కతో సహా పెట్టింది. ఆమె భర్త చెవులకు తువ్వాలు చుట్టుకుని గోడకు ఆనుకుని ఉన్నాడు. సంతకం రాదు. సిరా డబ్బా ముందుకు జరిపినా చెయ్యి చాపలేదు. ఆమె కోయలో ఏదో అంది. అతను కదల్లేదు. ఇంకోసారి అంది, చాలా చిన్నగా. అప్పుడు బొటనవేలు ఇచ్చాడు. అచ్చు పడ్డాక ఆ వేలిని గోడకేసి రుద్దుతూనే ఉన్నాడు, మట్టి రాలుతున్నా.

లోపల్నుంచి వాళ్లత్త పెద్దగా ఏదో అంది. ఒక మాట కాదు, చాలా మాటలు.

"ఏమంటోంది?" అని అడిగాను.

"కాగితం తడుస్తదంట. లోపలికి జరగమంటంది," అంది ఆమె.

నేను కాగితం పట్టుకుని లోపలికి జరిగాను.

అసలు సంగతి నాలుగైదు నెలల తర్వాత అంగన్‌వాడీ ఆయా ద్వారా తెలిసింది. ఆ ముసలామె మామగారు ఒకప్పుడు బయటి నుంచి వచ్చిన ఒక ఆసామికి పొలం ఒక పంటకని ఇచ్చి తెల్లకాగితం మీద వేలు వేశాడట. ఆ పంటతో పొలం పోయింది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ తెల్లకాగితం మీద వేలు పెట్టొద్దని అనుకున్నారట. "ఆయన వేలు తీస్కున్నోళ్లు గూడ గిట్లనే వానల వచ్చి మన అరుగు మీద కూసున్నరు" అని ఆ రోజు ముసలామె లోపల్నుంచి అన్నదట. ఐదేళ్లుగా నా తిట్లను మార్చి చెప్పిన మనిషి, ఆ రోజు వాళ్లత్త మాటను నాకు మార్చి చెప్పింది. నేను ఆయా ముందు ఏమీ తెలియనట్టు తలూపాను. ఇంటికొచ్చి మంచమెక్కాను.

మరి కాగితం చింపేయొచ్చు కదా అని మీరనొచ్చు. నేనూ అనుకున్నాను. బీరువా తీసి చూస్తే కాగితం ఉంది. కాని అప్పటికే దాని జిరాక్స్ ఒకటి మా మరిది జేబులో ఉందని మా ఆయన చెప్పాడు. అతను దాన్ని ఊళ్లో నలుగురికి చూపించాడు. "టీచరమ్మే రాసిచ్చింది, ఆమె కంటే చదువుకున్నవాళ్లా మీరు" అని. ఒకరి దగ్గర మాట, ఒకరి దగ్గర వేలిముద్ర తీసుకుని వాళ్ల జాగాలు మావాళ్లకు ఇప్పించాడు. ఏడాది తిరిగేసరికి మా ఇంటి అవతల రేకుల షెడ్లు మూడు లేచాయి. ఒకటి పురుగుమందుల కొట్టు, ఒకటి వెల్డింగు, ఒకటి కోళ్ల షాపు. అందరూ మా వైపువాళ్లే. వచ్చినవాళ్లంతా నాకు వంగి దండం పెట్టేవాళ్లు, దారి చూపించిన తల్లినని.

ఆమెను ఊళ్లో ఎవరూ తిట్టలేదు. ఎండాకాలం చివర వాళ్లకు విత్తనాల పండుగ ఉంటుంది. ఇంటింటి నుంచీ గుప్పెడు గింజలు తెచ్చి ఒకచోట కలిపి, పూజ చేసి, అందరూ పంచుకుని చల్లుకుంటారు. ఆ ఏడు గింజలు పోగుచేసేవాళ్లు వాళ్లింటి ముందు నుంచి ఆగకుండా వెళ్లిపోయారు. నేను మా అరుగు మీద నుంచి చూశాను. ఆమె చేటలో గింజలు పోసుకుని వాకిట్లో నిలబడి ఉంది. వాళ్లు మలుపు తిరిగేదాకా నిలబడింది. తర్వాత ఆ గింజల్ని కోళ్లకు వేసింది.

నేను తడిక సందులోంచి వెళ్లాను. "పెద్దమనుషులతో నేను మాట్లాడతాను చెల్లే. తప్పు నాదని చెబుతాను" అన్నాను.

"నీకు భాష రాదు గద అక్కా," అంది ఆమె. ఎగతాళిగా అనలేదు. నిజమే చెప్పింది.

తొలకరి పడేలోపు వాళ్లు వెళ్లిపోయారు. వాగు అవతల అతని అన్న ఉండే గుంపుకు. ఎడ్లబండి మీద రెండు మంచాలు, గాబు, నాలుగు తట్టలు, కోళ్లు. ముసలామె బండెక్కనని నడిచింది. చెల్లెలు చివరగా వచ్చి తాళంచెవి నా చేతికివ్వబోయి, మళ్లీ కొంగున కట్టుకుంది. "ఎలుకలు తప్ప ఏముందిలే" అంది. కొన్నాళ్లు అక్కణ్నుంచే నడిచొచ్చి అంగన్‌వాడీ చూసుకుంది. తర్వాత అడిగి ఆ గుంపులో సెంటర్‌కే మార్పించుకుంది. ఆ గుంపు నా పరిధిలో లేదు.

అలా నేను ఎవరి పక్కన ఉండాలని ఇల్లు కట్టుకున్నానో వాళ్లు లేని ఇంటి పక్కన మేం ఇంకో మూడేళ్లున్నాం. మా ఆయన గోడలకు సున్నం వేయించాడు, గేటు పెట్టించాడు, ఎన్ని మేకులు కావాలంటే అన్ని కొట్టాడు. నాకు ఆ ఇంట్లో కాలు నిలిచేది కాదు. పొద్దున్నే మెలకువ వస్తే తాళం వేసిన వాళ్ల తలుపు చూడాల్సి వస్తుందని దొడ్డివైపు లేచి వెళ్లేదాన్ని. రెండో వానాకాలానికి వాళ్ల పెంకులు జారాయి, మూడో వానాకాలానికి ఒక గోడ ఒరిగింది. గుంపులకు కొత్త టీచరుతో వెళ్లేదాన్ని. ఆ అమ్మాయి నేను ఏమంటే అదే చెప్పేది, తిట్టును తిట్టుగానే. తల్లులు బిడ్డల్ని తీసుకుని లోపలికి వెళ్లిపోయేవాళ్లు.

ఆ మూడేళ్లలో ఆమెను నాలుగైదుసార్లు చూశాను, ఎప్పుడూ పదిమందిలోనే. "మంచిగున్నవా అక్కా" అనేది. "బాగున్నా" అనేదాన్ని. వాళ్లత్త పోయినప్పుడు నాకు కబురు రాలేదు.

చివరిసారి చూసింది సంతలో. ఎండలు ముదురుతున్న రోజులు. చింతపండు రాశి పోసుకుని గోనెపట్టా మీద కూర్చుని ఉంది. పక్కన ఆమె భర్త తక్కెడ పట్టుకున్నాడు. నన్ను చూసి అతను లేచి బీడీ కాల్చుకోవడానికి పక్కకు వెళ్లాడు. నేను ఆమె ఎదురుగా కూర్చున్నాను. ఎన్నో చెప్పాలని ఉంది. పిల్లల చదువు అడిగాను. చెప్పింది.

"మొన్న మీ మరిది వచ్చిండు మా గుంపుకు," అంది. "ఆ ఇల్లు ఎట్లాగు పడిపోతంది గద, ఆ జాగ గూడ కలిపి రాసియ్యమన్నడు. నువ్వు అడగమన్నవంట."

"నేను అడగమనలేదు," అన్నాను.

"అవ్."

"నిజంగా చెల్లే. నాకు తెలియనే తెలియదు. నీ మీద ఒట్టు."

"అవ్ అక్కా," అంది ఆమె. గుంపుల్లో పిల్లల తల్లులతో మాట్లాడే గొంతు అది, ఎదుటివాళ్లను నొప్పించకుండా పని జరిపించే గొంతు. అంతకుముందు నా మీద దాన్ని ఎప్పుడూ వాడలేదు. నేను చెప్పింది అక్షరాలా నిజం. ఆమె నమ్మలేదు. నేనన్న మాట ఆమె నమ్మకపోవడం నాకు అదే మొదలు, లేక నాకు తెలియడం అదే మొదలు.

ఎవరో వచ్చి చింతపండు ధర అడిగారు. ఆమె తూచి, ఆకులో చుట్టి ఇచ్చింది. నావైపు తిరిగి, "మా ఆయనకు చెప్పిన. ఏలు ఏస్తనన్నడు. ఈడ సంతల వద్దు, అందరు చూస్తరు. సంత లేసినంక బస్టాండ్ కాడికొస్తం. కాగితం పట్టుకరా" అంది.

నేను ఏదో అన్నాను. ఏమన్నానో గుర్తులేదు. లేచి వచ్చేశాను. కూరగాయలు కొనకుండానే, దొరికిన మొదటి ఆటో ఎక్కి ఇంటికి వెళ్లాను. వెళ్లి కాగితం వద్దని, ఏమీ వద్దని చెప్పాలంటే ఆమె ముఖం మళ్లీ చూడాలి. ఆ రోజు నాకు ఆ ధైర్యం లేకపోయింది. నేను రాకపోతే అర్థం చేసుకుంటుందిలే అనుకున్నాను.

మర్నాడు టీకాలు తెచ్చుకోవడానికి వెళ్తే బస్టాండులో సోడాలమ్మే ఆమె నన్ను పిలిచి చెప్పింది. మొగుడూ పెళ్లాం ఇద్దరూ సిమెంటు బల్ల మీద చివరి బస్సు దాకా కూర్చున్నారట. నర్సమ్మ వచ్చిందా, నర్సమ్మ వచ్చిందా అని మూడుసార్లు అడిగారట.